చంకలో ఒకరు, చేతికి ఒకరు: పిల్లలతో కాలినడకపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పిల్లల వైద్యురాలిగా నేను చూసే కుటుంబాల్లో చాలా వాటికి కారు లేదు. ఉన్నవారికీ గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లోనో, గాంధీ రోడ్డులోనో అది పెద్దగా పనికిరాదు. ఎడమ చంకలో నెలల బిడ్డ, కుడిచేతికి రెండేళ్ల బిడ్డ, భుజాన సంచి, ఇలాగే ఈ ఊళ్లో తల్లులు బజారుకూ బస్టాండుకూ వెళ్లివస్తారు. ఆ నడక చుట్టూ అల్లుకున్న నమ్మకాల్లో చాలా వాటివల్ల పెద్ద నష్టం లేదు. ఒక్కటి మాత్రం బిడ్డను గంటల తరబడి ఏడిపించి, ఇంటిల్లిపాదినీ నాలుగు చోట్లకు తిప్పి, చివరికి తల్లిని దోషిగా నిలబెడుతోంది.

అపోహ: చెయ్యి పట్టుకొని లాగినంత మాత్రాన బిడ్డకు ఏమీ కాదు, ఆ తర్వాత చెయ్యి కదపడం లేదంటే ఎముక విరిగినట్టే.

ఇందులో మొదటి సగమూ తప్పే, రెండో సగమూ దాదాపు ఎప్పుడూ తప్పే. మోచేతి దగ్గర ముంజేతి ఎముకల్లో ఒకటైన రేడియస్ పైకొసను ఉంగరంలా చుట్టుకొని ఒక స్నాయువు, అంటే ఎముకలను పట్టి ఉంచే గట్టి పట్టీ లాంటిది, ఉంటుంది. పసివయసులో ఆ స్నాయువు వదులుగా ఉంటుంది కాబట్టి, చాచిన చేతిని మణికట్టు దగ్గర పట్టుకొని ఒక్కసారిగా లాగినప్పుడు అది జారి కీలు మధ్యలో ఇరుక్కుంటుంది. ఎముక విరగదు, నరం తెగదు, చాలాసార్లు వాపు కూడా కనిపించదు. ఏడాది నుంచి నాలుగేళ్ల వయసు పిల్లల్లో ఇది ఎక్కువ. అయిదేళ్లు దాటాక స్నాయువు గట్టిపడటంతో అరుదవుతుంది. ఎడమచేతికి ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే పెద్దలు తమ కుడిచేత్తో పట్టుకునేది బిడ్డ ఎడమచేతినే.

లాగిన క్షణంలో బిడ్డ కెవ్వుమంటుంది. కాసేపటికి ఏడుపు తగ్గుతుంది గానీ చెయ్యి మాత్రం కొద్దిగా వంగి, అరచెయ్యి వెనక్కో కిందికో తిరిగి, ఒంటికి ఆనుకొని వేలాడుతుంది. వేళ్లు కదుపుతుంది, ఆడుకుంటుంది, అయితే ఆ చేత్తో దేన్నీ అందుకోదు. కొందరు పిల్లలు నొప్పి ఎక్కడంటే మణికట్టును చూపిస్తారు. దాంతో పెద్దలు బెణికిందని ఆముదం రాసి మర్దన చేస్తారు, లేదా గూడ జారిందని భుజం పట్టి ఊపుతారు. అంతకు మించిన వాళ్లు దబ్బలు పెట్టి కట్టు కట్టిస్తారు. ఎముకల కట్టుకు పుత్తూరు పేరు దేశమంతా తెలిసిన ప్రాంతం మనది కాబట్టి చెయ్యి అనగానే కట్టు గుర్తుకు రావడంలో వింత లేదు. కానీ కట్టు విరిగిన ఎముకకు. ఇక్కడ విరిగింది ఏమీ లేదు. జారిన స్నాయువును అలాగే ఉంచి పైన కట్టు కడితే బిడ్డ బాధ పొడిగించడం తప్ప ఒరిగేది లేదు.

చికిత్సకు పట్టే సమయం క్షణాల్లో ఉంటుంది. వైద్యులు ఒక చేత్తో మోచేతిని పట్టుకొని, రెండో చేత్తో బిడ్డ ముంజేతిని అరచెయ్యి కిందికి వచ్చేలా పూర్తిగా తిప్పుతారు. వేలి కింద చిన్నగా ‘టక్’మంటుంది. బిడ్డ ఒకసారి గట్టిగా ఏడ్చి, సాధారణంగా పదిహేను నిమిషాల్లోపే ఆ చేత్తో బిస్కెట్ అందుకుంటుంది. ఆలస్యంగా తెచ్చిన బిడ్డలకు ఇంకొంత సమయం పట్టవచ్చు. మందులు, కట్లు, ఇంజెక్షన్లు అక్కర్లేదు. జరిగిన కథ స్పష్టంగా ఉంటే ఎక్స్‌రే కూడా అక్కర్లేదు.

జరిగిన కథ స్పష్టంగా ఉంటే అన్నాను. అసలు చిక్కు అక్కడే ఉంది, ఎందుకంటే ఆ కథను మాకు ఎవరూ చెప్పరు. ఒకసారి రేణిగుంట వైపు నుంచి ఒక అత్తాకోడళ్లు రెండేళ్ల పాపను తెచ్చారు. కోడలి ఒళ్లో మరో చంటిబిడ్డ. పాప చేతికి అప్పటికే పసుపు పట్టు వేసి ఉంది, నుదుట దిష్టి తీసిన గుర్తు కూడా ఉంది. “చెయ్యి పడిపోయింది డాక్టరమ్మా, మా తమ్మునికి చిన్నప్పుడు ఇట్లే అయింది” అని పెద్దావిడ కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆమె భయం పోలియో గురించి. పోలియో లేని దేశంగా మనకు 2014లో గుర్తింపు వచ్చింది గానీ, చూసిన కళ్లలో ఆ భయం అంత తేలిగ్గా పోదు; అలాంటి వారిని విసుక్కోవడం నాకు చేతకాదు. కింద పడిందా అంటే లేదన్నారు, ఎవరైనా చెయ్యి పట్టి లాగారా అంటే ఇద్దరూ లేదన్నారు. పెద్దావిడను మంచినీళ్లు తెమ్మని బయటికి పంపాకే కోడలు నోరు విప్పింది: రోడ్డు దాటుతుండగా పాప నడిమధ్యలో చతికిలబడిందట, బస్సు వస్తోందట, చంకలో ఉన్న చిన్నబిడ్డతో వంగలేక పాపను చెయ్యి పట్టి లాగేసిందట. “నేనే విరిచినానా మేడమ్?” అని అడిగింది.

ఆమె విరిచింది ఏమీ లేదు. బస్సు కింద పడకుండా బిడ్డను కాపాడింది. జారిన మోచేతిని క్షణంలో సరిచేయవచ్చు, బస్సు చేసేదాన్ని ఎవరూ సరిచేయలేరు. కాబట్టి వాహనం మీదికి వస్తుంటే లాగండి, తర్వాత ఆ సంగతిని డాక్టరుకు దాచకుండా చెప్పండి. “చెయ్యి పట్టి లాగాం, అప్పటి నుంచి కదపడం లేదు” అన్న ఒక్క మాట మాకు ఎక్స్‌రే కంటే ఎక్కువ చెబుతుంది. లాగింది తల్లే అని తెలిసి ఆమెను తిట్టే బంధువులను మాత్రం గది బయట కూర్చోబెడతాను.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఫోన్లో వీడియో చూసి ఇంట్లోనే చెయ్యి తిప్పేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. బిడ్డ ఎత్తు నుంచి పడినా, మోచెయ్యి వాచినా, చెయ్యి వంకరగా కనిపించినా అది నిజంగానే విరిగిన ఎముక కావచ్చు. దాన్ని తిప్పితే నరాలకూ రక్తనాళాలకూ ప్రమాదం. అటువంటప్పుడు చేతిని కదిలించకుండా తీసుకురావాలి, ఎక్స్‌రే తప్పనిసరి.

ఇక నడిచేటప్పుడు ఏం చేయాలి? పెద్దబిడ్డ చెయ్యి పట్టుకోవడం మానమని ఎవరూ చెప్పరు. పట్టుకోవడం వేరు, ఆ చేత్తోనే బరువు లాగడం వేరు. బిడ్డ చతికిలబడగానే చెయ్యి లాగకుండా మీరే కిందికి వంగి, చంకల కింద ఛాతీ చుట్టూ చెయ్యి వేసి ఎత్తండి. రోడ్డు దాటాలంటే, మధ్యలో మొండికేసేదాకా ఆగకుండా, ఈవల ఉండగానే ఎత్తుకోండి. జాతరలకూ తిరునాళ్లకూ వెళ్లేవారు బిడ్డ తప్పిపోకుండా కట్టడానికి ఆన్‌లైన్‌లో కొంటున్న మణికట్టు తాళ్లు కూడా లాగినప్పుడు ఇదే పని చేస్తాయి. కొనాలనుకుంటే ఛాతీకి తొడిగే రకం మేలు. అన్నిటికంటే ఎక్కువగా నేను చూసేది మెట్ల మీద. అలిపిరి దారిలో గాలిగోపురం వరకు ఉన్న నిటారు మెట్లపై అమ్మానాన్నలు చెరో చెయ్యీ పట్టుకొని, “గోవిందా!” అంటూ బిడ్డను మెట్టుమెట్టుకూ గాల్లోకి లేపుతారు. బిడ్డ నవ్వుతుంది కాబట్టి అందరికీ ముచ్చటగానే ఉంటుంది, కానీ మోచేయి జారడానికి అంతకంటే అనువైన పద్ధతి లేదు. 3,550 మెట్లున్న దారిలో రెండేళ్ల బిడ్డ ఎలాగూ ఎక్కువ దూరం నడవదు; ఎత్తుకోవడానికి చేతులు చాలినంత మంది పెద్దలు ఉంటేనే బయలుదేరండి. 2023లో ఆ దారిలో జరిగిన చిరుత దాడి తర్వాత పిల్లలతో నడిచే వేళలపై దేవస్థానం ఆంక్షలు పెట్టింది కాబట్టి, మీరు వెళ్లే రోజుకు ఉన్న నిబంధనలను ముందే కనుక్కోండి.

అపోహ: కాళ్లు ఎడంగా పెట్టి చంకన వేసుకున్నా, బిడ్డను ఒంటికి కట్టుకునే క్యారియర్‌లో కూర్చోబెట్టినా దొడ్డికాళ్లు వస్తాయి.

రావు. గర్భంలో ముడుచుకొని ఉన్నందువల్ల పసిబిడ్డలందరి కాళ్లూ కొంత వంపుగానే ఉంటాయి. దాదాపు రెండేళ్లకు అవే సర్దుకుంటాయి. రెండేళ్లు దాటాక వంపు పెరుగుతున్నా, ఒక కాలికే ఉన్నా రికెట్స్ (విటమిన్ డి లోపంతో ఎముకలు మెత్తబడే జబ్బు) లాంటివి ఉన్నాయేమోనని డాక్టరుకు చూపించాలి. నిజానికి మోకాళ్లు పైకి ముడిచి తొడలు ఎడంగా ఉండటం తుంటికీలుకు మంచిది. కాళ్లు చాపి గట్టిగా చుట్టడమే చెడ్డది. జపాన్‌లో 1970ల్లో ఆ అలవాటును మాన్పించాక పసిబిడ్డల్లో తుంటి జారే సమస్య బాగా తగ్గింది. మా అవ్వ పాకాల సంతకు పిల్లలను చంకనేసుకొనే వెళ్లేది, ఆ పిల్లల్లో ఎవరికీ దొడ్డికాళ్లు లేవు. అయితే ఇది రుజువు కాదు, ఊరికే చెబుతున్నాను. క్యారియర్‌లో చిన్నబిడ్డను ఛాతీకి కట్టుకుంటే పెద్దబిడ్డను ఎత్తడానికి రెండు చేతులూ మిగులుతాయన్నదే నాకు ముఖ్యం.

వాకర్‌లో వేస్తే త్వరగా నడుస్తాడని, మోసే బాధ తప్పుతుందని అనుకోవడం వృథా. పైగా వాటివల్ల పిల్లలు గాయపడుతున్నారని కెనడా 2004లోనే వాకర్ల అమ్మకాన్ని నిషేధించింది. బిడ్డ పద్దెనిమిది నెలలకూ నడవకపోతే అప్పుడు చూపించండి. ఎండలో బయటికి తీసుకెళ్తున్నామని ఆరు నెలల్లోపు బిడ్డకు నీళ్లు పట్టకండి, తల్లిపాలు చాలు, కాకపోతే ఇంకాస్త తరచుగా ఇవ్వాలి.

చివరిగా, ఎండ తగలకుండా క్యారియర్ మీదుగా పైటకొంగు కప్పే అలవాటు గురించి. నీడ కోసం గొడుగు వాడండి, ముఖాన్ని మాత్రం కప్పవద్దు. బిడ్డ ముఖం ఎప్పుడూ మీకు కనిపిస్తూ, తల వంచితే ముద్దు పెట్టుకునేంత ఎత్తులో ఉండాలి. గడ్డం ఛాతీకి ఆనుకోకుండా మధ్యలో ఒక వేలు పట్టాలి. నాలుగు నెలల్లోపు వారికీ, నెలలు నిండకముందే పుట్టినవారికీ గడ్డం కిందికి వాలితే ఊపిరి అందకుండా పోవచ్చు, పైగా ఆ ఇబ్బందిలో వారు ఏడవరు. కాబట్టి నిద్రపోయింది కదా అని నిశ్చింతగా నడిచిపోకుండా మధ్యమధ్యలో తల దించి చూస్తూ ఉండండి.