నౌకా న్యాయవాదులు ఎక్కడ తయారయ్యారు: సీమ నుంచి ఒక నేపథ్యం

తాడిపత్రి దగ్గర రాయి కోయించి విదేశాలకు పంపే ఒక వ్యాపారి కొంతకాలం క్రితం కర్నూలులోని మా ఆఫీసుకు వచ్చి, మడత పడకుండా ప్లాస్టిక్ కవరులో దాచుకున్న మూడు కాగితాలను బల్ల మీద పరిచారు. మూడూ ఒకే పత్రం, మూడింటి మీదా అసలు ప్రతి అనే ముద్ర ఉంది. వాటిని బిల్ ఆఫ్ లేడింగ్ అంటారు: ఓడ ఎక్కిన సరుకుకు రశీదు వంటివి, అసలు ప్రతి చూపినవారికే అవతలి రేవులో సరుకు ఇవ్వాలి. ముందు వైపు సరుకు వివరం, కంటైనరు నంబరు, ఓడ పేరు, ఎక్కించిన రేవు, దించవలసిన రేవు స్పష్టంగా ఉన్నాయి. వెనుక వైపు మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో షరతులు రెండు వరుసలుగా కిక్కిరిసి ఉన్నాయి. ఈ ఒప్పందం మీద ఏ తగాదా వచ్చినా లండన్ హైకోర్టులోనే తేల్చుకోవాలన్నది వాటిలో ఒకటి. సరుకు కొన్నవాడు డబ్బు కట్టలేదు, అసలు ప్రతులు ఇక్కడి నుంచి కదలలేదు, అయినా అవతలి రేవులో సరుకు అతని చేతికి చేరిపోయింది. "కాగితాలు నా దగ్గరే ఉండాయి కదా సార్, సరుకు ఎట్ల ఇచ్చినారు?" అని ఆయన అడిగారు.

అడగవలసిన ప్రశ్న అదే. ఓడ సరుకుకు సంబంధించిన దావాను సాధారణంగా ఏడాదిలోపు వేయాలి. ఆయన ఊళ్లో, జిల్లాలో తిరిగి మా దగ్గరకు వచ్చేసరికి తొమ్మిది నెలలు గడిచిపోయాయి. ఆ ప్రశ్నకు దారి చూపగల న్యాయవాది కోసం ఆయనను చెన్నైకి పంపవలసి వచ్చింది. ఎంతోకాలంగా వకాలతు చేస్తున్న నాకు అది ఇప్పటికీ బాధగానే ఉంది. మూడు జిల్లాల సరుకు సముద్రం దాటుతుండగా, ఆ సరుకు వెంట నడిచే చట్టం తెలిసిన మనిషి ఇక్కడ ఎందుకు లేకుండా పోయాడన్నది తెలియాలంటే నూట యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

సీమకు తీరం లేదు గాని రేవులతో సంబంధం లేకపోలేదు. ప్రపంచంలోనే అతి పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి ఉమ్మడి కడప జిల్లాలోని మంగంపేటలో ఉంది. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే ఆ ఖనిజానికి కొనుగోలుదారులు ఎక్కువగా విదేశాల్లోనే ఉన్నారు. ఆ గనుల పక్కనున్న ఓబులవారిపల్లె నుంచి వెలిగొండలను సొరంగంతో దాటి వెంకటాచలం వరకు వేసిన రైలు మార్గం 2019లో ప్రారంభమై, కృష్ణపట్నం రేవుకు దారిని దగ్గర చేసింది. 2020 జనవరి చివరలో తాడిపత్రి నుంచి 43 శీతల కంటైనర్లలో 980 టన్నుల అరటి ముంబయి పక్కనున్న జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు రైలులో వెళ్లి, అక్కడి నుంచి ఇరాన్‌కు ఓడ ఎక్కింది. పెనుకొండ దగ్గర తయారైన కార్లు కూడా ఓడల్లోనే దేశం దాటుతున్నాయి.

ఓడల తగాదాలను విచారించే అధికారాన్ని అడ్మిరాల్టీ అధికారం అంటారు. మామూలు దావాలో మనిషి మీదనో కంపెనీ మీదనో కేసు వేస్తాం. ఇక్కడ ఓడనే ప్రతివాదిగా నిలబెట్టి, కోర్టు వారెంటుతో రేవులోనే ఆపించవచ్చు. యజమాని ఏ దేశంలో ఉన్నాడో, అతని ఆస్తులు ఎక్కడున్నాయో వెతికే పని తప్పుతుంది. ఓడ కదలాలంటే ఎవరో ఒకరు వచ్చి పూచీ కట్టక తప్పదు. ఇంత పదునైన ఈ అధికారాన్ని ఇంగ్లండులో 1840, 1861 చట్టాలు తీర్చిదిద్దాయి. 1890లో వలస దేశాల కోర్టులకు ఒక చట్టం, 1891లో భారతదేశానికి ప్రత్యేకంగా మరొకటి వచ్చి, నేటి భారతదేశం వరకు చూస్తే ఆ అధికారాన్ని కలకత్తా, బొంబాయి, మద్రాసు హైకోర్టులకు మాత్రమే ఇచ్చాయి. ఈ విద్యకు చాలాకాలం వేరే బడి లేదు. ఆ మూడు నగరాల్లో ఓడల కేసులు చూసే సీనియర్ల దగ్గర జూనియర్‌గా చేరి, కట్టలు మోసి, ప్లీడింగులు రాసి నేర్చుకోవలసిందే. ఓడ నడిపేవారికి శిక్షణ ఇవ్వడానికి బొంబాయిలో డఫరిన్ శిక్షణ నౌక 1927లోనే మొదలైంది. ఓడ మీద దావా నడిపేవారిని తయారు చేయాలన్న ఆలోచన మాత్రం ఆ రోజుల్లో ఎవరికీ రాలేదు. పెద్ద తగాదా ఏదైనా లండన్‌కే వెళ్లేది కనుక ఆ అవసరమూ కనిపించలేదు.

కర్నూలు ఈ కథలోకి వచ్చేది 1953లో. అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మరుసటి ఏడాది గుంటూరులో హైకోర్టు కొలువుతీరింది. 1956లో అది హైదరాబాదుకు తరలింది. మద్రాసు హైకోర్టుకు ఉన్న అధికారాలు కొత్త హైకోర్టుకు సంక్రమిస్తాయని 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టంలో ఉన్న మాటలు అప్పట్లో ఎవరి దృష్టినీ ఆకర్షించి ఉండవు. ముప్పై ఏళ్ల తరువాత ఒక గ్రీకు కంపెనీ ఓడ విశాఖపట్నం రేవుకు వచ్చినప్పుడు ఆ మాటలకు పని పడింది.

ఆ ఓడ పేరు ఎం.వి. ఎలిజబెత్. 1984 ఫిబ్రవరిలో గోవాలోని మార్ముగోవా రేవులో ఒక భారతీయ కంపెనీ సరుకు ఎక్కించుకుని, బిల్ ఆఫ్ లేడింగ్ ఇవ్వకుండానే వెళ్లిపోయింది. కొన్నవాడు డబ్బు కట్టలేదు కనుక సరుకు ఇవ్వవద్దని చెప్పినా వినకుండా అతనికి అప్పగించింది. ఏప్రిల్‌లో అదే ఓడ విశాఖకు రాగా, సరుకు యజమాని ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించి దానిని ఆపించారు. ఓడ తరఫు వాదనకు ఆధారం 1861 చట్టంలోని 6వ సెక్షను. ఆ సెక్షను రేవులోకి వచ్చే సరుకు గురించి మాత్రమే చెబుతుంది. రేవు నుంచి బయటికి వెళ్లే సరుకు మీద దావా వినే అధికారం ఈ హైకోర్టుకు లేదన్నది ఓడ యజమానుల మాట. ఇంగ్లండులో ఆ పరిమితిని ఎప్పుడో సవరించుకున్నారు. మనకు మాత్రం విక్టోరియా రాణి కాలం నాటి చట్టం ఉన్నది ఉన్నట్టుగా నిలిచిపోయింది. ఎగుమతి మీద బతికే ప్రాంతానికి ఆ వాదన అర్థమేమిటో వేరే చెప్పనక్కరలేదు: మా తాడిపత్రి వ్యాపారి వంటివారెవరికీ సొంత దేశంలో ఓడను ఆపించే దారే ఉండదు.

1992 ఫిబ్రవరి 26న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. తీర్పు రాసిన జస్టిస్ టి.కె. థొమ్మెన్, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అధికారాన్ని మద్రాసు హైకోర్టు నుంచి 1953, 1956 చట్టాల మీదుగా గుర్తించారు. అక్కడితో ఆగకుండా, ఉన్నత న్యాయస్థానాల అధికారం వలస పాలకుల చట్టాల దగ్గర గడ్డకట్టిపోదని తేల్చారు. శిక్షణ దృష్టితో చూస్తే ఆ తీర్పులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది మరొకటి. ఓడలను ఆపించడంపై 1952లో బ్రస్సెల్స్‌లో కుదిరిన ఒప్పందంలో భారత్ చేరకపోయినా, అందులోని సూత్రాలను మన కోర్టులు పరిగణించవచ్చని ఆ తీర్పు అంగీకరించింది. ఆనాటి నుంచి ఓడ కేసు నడిపే న్యాయవాదికి మన చట్టాల పుస్తకం ఒక్కటే సరిపోని స్థితి వచ్చింది. అంతర్జాతీయ ఒప్పందాలు, వాటి వెనుక జరిగిన చర్చలు, ఇతర దేశాల తీర్పులు తెలిసి ఉండాలి. సీనియర్ పక్కన కూర్చుని ఒక్కటొక్కటిగా అందుకునే పద్ధతిలో అంత మేర నేర్చుకోవడం కష్టం.

అప్పటికే ప్రపంచంలో ఈ లోటును గుర్తించినవారు ఉన్నారు. 1967 మార్చిలో టోరీ కాన్యన్ అనే చమురు ఓడ ఇంగ్లండు నైరుతి తీరం దగ్గర రాళ్లకు తగిలి పగిలింది. అందులోని సుమారు 1,19,000 టన్నుల ముడి చమురు సముద్రం పాలైంది. ఓడ జెండా లైబీరియాది, సిబ్బంది ఇటలీవారు, నష్టపోయిన తీరాలు బ్రిటన్, ఫ్రాన్స్‌లవి. ఎవరు ఎవరికి ఎంత చెల్లించాలో చెప్పే చట్టం లేదు. నేడు ఐఎంఓగా పిలిచే ఐక్యరాజ్యసమితి నౌకా సంస్థలో న్యాయ సంఘం పుట్టింది ఆ ప్రమాదం తరువాతే. 1969, 1971లలో చమురు కాలుష్యపు పరిహారంపై ఒప్పందాలు వచ్చాయి, వాటి వెనుక మరిన్ని వచ్చాయి. అయితే భారత్ వంటి దేశాల్లో ఒప్పందం మీద సంతకం చేసినంత మాత్రాన అది కోర్టులో అమలు కాదు. పార్లమెంటు దానిని దేశ చట్టంగా మార్చాలి. ఆ ముసాయిదా రాయగల న్యాయవాదులు కొత్తగా స్వాతంత్ర్యం పొందిన చాలా దేశాల్లో లేనే లేరు. సంతకాలు పెట్టిన కాగితాలు మంత్రిత్వ శాఖల బీరువాల్లో ఉండిపోయేవి.

ఈ పరిస్థితిని మార్చడానికి పూనుకున్నవారు ఒక భారతీయుడు కావడం మనం గుర్తుంచుకోదగిన విషయం. లాల్ బహదూర్ శాస్త్రి దగ్గర అధికారిగా, అంతకుముందు షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు తొలి సారథిగా పనిచేసిన సి.పి. శ్రీవాస్తవ 1974 నుంచి 1989 వరకు ఐఎంఓ సెక్రటరీ జనరల్‌గా ఉన్నారు. ఆయన హయాంలోనే నౌకా పాలనాధికారుల కోసం 1983లో స్వీడన్‌లోని మాల్మోలో ప్రపంచ నౌకా విశ్వవిద్యాలయం ఏర్పడింది. న్యాయవాదుల కోసం 1988లో మాల్టా ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి, మరుసటి ఏడాది అంతర్జాతీయ నౌకా చట్ట సంస్థ తరగతులు మొదలుపెట్టింది. సముద్ర గర్భం మానవాళి ఉమ్మడి వారసత్వమని 1967 నవంబరులో ఐక్యరాజ్యసమితిలో ఆర్విడ్ పార్డో చేసిన ప్రతిపాదన కూడా మాల్టా తరఫునే వచ్చింది కనుక ఆ చోటు తగినదే.

మాల్టా చదువులో నాకు బాగా నచ్చినది దాని చివరి పని. ఏడాది పాటు నౌకా చట్టమంతా చదివిన విద్యార్థి, ఏదైనా ఒక అంతర్జాతీయ ఒప్పందాన్ని తన దేశంలో అమలు చేసే చట్టానికి సెక్షన్లతో సహా ముసాయిదా రాసి చూపించాలి. ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు పట్టాతో పాటు, ప్రభుత్వం ముందు పెట్టదగిన పని ఒకటి చేతిలో ఉంటుంది. సగం సీట్లు మహిళలకు ఉండాలని ఆ సంస్థ నిబంధనల్లోనే రాసుకున్నారు.

తెలుగువారు ఈ రంగంలో చేరిన ఎత్తు తక్కువదేమీ కాదు. సముద్ర చట్టంపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం కింద హాంబర్గ్‌లో ఏర్పడిన అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో పి. చంద్రశేఖరరావు 1996 నుంచి రెండు దశాబ్దాలకు పైగా న్యాయమూర్తిగా పనిచేశారు, 1999 నుంచి 2002 వరకు అధ్యక్షులుగా ఉన్నారు. బంగాళాఖాతంలో భారత్, బంగ్లాదేశ్ సరిహద్దును 2014లో తేల్చిన ట్రిబ్యునల్‌లో పెమ్మరాజు శ్రీనివాసరావు సభ్యులు. అయితే వారిద్దరి కృషి ప్రధానంగా దేశాల మధ్య హక్కుల చట్టంలో సాగింది. సరుకు, ఓడ అద్దె, బీమా, నావికుల జీతాల చట్టం దాని పక్కనుండే వేరే శాఖ. మన లా కాలేజీల్లో ఈ రెండిటికీ తేడా చెప్పకపోవడం వల్ల చాలా నష్టం జరుగుతోంది. అంతర్జాతీయ చట్టం తప్పనిసరి పేపరు కనుక ప్రాదేశిక జలాలు 12 నాటికల్ మైళ్లని, ప్రత్యేక ఆర్థిక మండలం 200 నాటికల్ మైళ్లని ప్రతి విద్యార్థీ చెప్పగలడు. బిల్ ఆఫ్ లేడింగ్‌ను మాత్రం చాలామంది కంటితో చూడకుండానే ఎన్‌రోల్ అవుతారు.

ఎలిజబెత్ తీర్పు కోరిన కొత్త చట్టానికి పాతికేళ్లు పట్టింది. లా కమిషన్ 1994లో తన 151వ నివేదికలో ఈ విషయమే చెప్పింది. చివరకు 2017లో చేసిన అడ్మిరాల్టీ చట్టం 2018 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చి, 1840 నుంచి 1891 వరకున్న పాత చట్టాలను ఈ దేశంలో ముగించింది. ఉమ్మడి హైదరాబాదు హైకోర్టుతో సహా ఎనిమిది హైకోర్టులకు అధికారం దక్కింది. ఓడ మీద ఉండే హక్కుల్లో నావికుల జీతాలకు మొదటి స్థానం ఇచ్చింది. ఏజెంట్ల మాట నమ్మి ఓడ ఎక్కి, జీతం రాక ఏదో ఒక రేవులో చిక్కుకుపోయే కుర్రాళ్ల తల్లిదండ్రులకు ఈ ఒక్క సంగతి తెలిసినా ఎంతో మేలు. 2025 వర్షాకాల సమావేశాల్లో పార్లమెంటు బిల్ ఆఫ్ లేడింగ్, సముద్ర సరుకు రవాణా, మర్చంట్ షిప్పింగ్, తీర నౌకాయానం, రేవులపై అయిదు కొత్త చట్టాలను ఆమోదించింది. వాటిలో మొదటిది పక్కకు తప్పించిన చట్టం 1856 నాటిది.

చదువుకునే చోట్లు కూడా మెల్లగా పెరిగాయి. 2008లో చెన్నై కేంద్రంగా ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ వచ్చింది, విశాఖలో దానికి ప్రాంగణం ఉంది. హైదరాబాదులోని నల్సార్ నౌకా చట్టంలో దూరవిద్య ఎం.ఏ. నడుపుతోంది. అదే 2008లో విశాఖలో మొదలైన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, కర్నూలు పక్కనున్న పెదపాడులో పుట్టి మద్రాసులో లా చదివి ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య పేరు మోస్తోంది. సీమ బిడ్డ పేరున్న ఆ చోటికి సీమ నుంచి వెళ్లగలిగేవారు కొందరే. మిగతావారు అనంతపురం, కర్నూలు, కడపల్లోని కాలేజీల్లో చదివి ఇక్కడి బార్‌లలోనే చేరుతారు. శిక్షణ వారి దగ్గరికి రావాలి. కర్నూలులో హైకోర్టు ధర్మాసనం కావాలని 2024 నవంబరులో శాసనసభ తీర్మానించింది. 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి ఉన్న ఆశ అది. భవనం, న్యాయమూర్తుల సంఖ్య గురించి సాగే చర్చలో, అక్కడ వాదించేవారికి ఏ చట్టాలు నేర్పాలన్న మాట ఇప్పుడే చేరాలని నా కోరిక. కాలేజీలు ఒక ఐచ్ఛిక పేపరు పెట్టి, నెలకు రెండు రోజులు కృష్ణపట్నం రేవులో కాగితాలు ఎలా నడుస్తాయో చూపించినా మంచి మొదలవుతుంది.

తాడిపత్రి వ్యాపారి దావా గడువుకు పదకొండు రోజుల ముందు చెన్నైలో దాఖలైంది. ఆయన అనుమతితో ఆ బిల్లుకు ఒక నకలు తీసుకుని, పేర్లు కొట్టివేసి నా సొరుగులో ఉంచుకున్నాను. కొత్తగా ఆఫీసులో చేరిన జూనియర్లకు మొదటి వారంలోనే దానిని ఇచ్చి, మొదట వెనుక వైపునే చదవమంటున్నాను.