పొలంలో పాత కుండ దొరికితే పొలం పోతుందా?

పోదు. పురావస్తు తవ్వకాల పనిలో ఇన్నేళ్లుగా ఊరూరా చెబుతున్నా ఈ పుకారు మాత్రం చావడం లేదు.

మొన్న ఒక రైతు గోనెసంచిలో చుట్టి నలుపు, ఎరుపు రంగుల కుండ తెచ్చారు. పైపులైన్ కోసం గాడి తీస్తుంటే దొరికిందట. పీచు పెట్టి తళతళా తోమేశారు. "లోపల ఏమైనా ఉందా పెద్దాయనా?" అని అడిగాను. "బూడిదలాంటి మన్ను, ఎముక ముక్కలు సార్. పారబోశాం." చుట్టూ ఉన్న బండలను కూడా రాత్రికి రాత్రే ట్రాక్టర్‌తో లాగేశారట, ఎవరైనా చూస్తే ప్రభుత్వం భూమి గుంజుకుంటుందని. చెబుతుంటే ఆయన చేతులు వణుకుతున్నాయి.

అది రాకాసి గుడి, అంటే ఇనుప యుగం నాటి సమాధి. కుండకన్నా ఆ బూడిద, ఎముకలు, బండల అమరికే మాకు ముఖ్యం. ఎముక దక్కితే కాలం తేలేది.

1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో నిధి దొరికితే కలెక్టర్‌కు తెలియజేయాలి. ప్రభుత్వం దాన్ని తీసుకుంటే అందులోని లోహం, రాయి వంటి సరుకు విలువకు మరో ఐదో వంతు కలిపి ఇస్తుంది. దాచిపెడితేనే ఏడాది వరకు జైలు. ఇక కుండ దొరికినంత మాత్రాన పొలం రక్షిత స్థలం అయిపోదు. పురాతన కట్టడాలు, స్థలాలను కాపాడే కేంద్ర చట్టంలో అయితే ముందు నోటిఫికేషన్ రావాలి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి రెండు నెలల గడువుంటుంది.

వస్తువు ఒక్కటీ దక్కితే చాలనుకోవడం చదువుకున్నవాళ్లలోనూ ఉంది. 2015లో మనల్ని విడిచి వెళ్లిన పురావస్తు శాస్త్రవేత్త వి.ఎన్. మిశ్రా గారిని "భీమ్‌బేట్కా కనిపెట్టినాయన" అంటుంటారు. భీమ్‌బేట్కా అంటే మధ్యప్రదేశ్‌లో ఆదిమానవులు ఉన్న రాతి గుహలు. ఆ గుహలను 1957లో వెలుగులోకి తెచ్చింది మరో పురావస్తు శాస్త్రవేత్త వాకణ్కర్ గారు. మిశ్రా గారి గొప్పతనం వేరే ఉంది. మిశ్రా గారు 1970లలో అక్కడ ఒక రాతి ఆశ్రయాన్ని పొర తర్వాత పొరగా తవ్వారు. అడుగున చేతిగొడ్డళ్లు, పైన సూక్ష్మ శిలాపనిముట్లు, అంటే చిన్న చిన్న రాతి పనిముట్లు. ఏది ముందో ఏది తర్వాతో తేల్చింది ఆ వరుసే. ఒకసారి తవ్విన పొరను మళ్లీ పేర్చలేం, కాగితం మీద రాసిందే మిగులుతుంది. అందుకే ఆయన ఏళ్ల తరబడి 'మ్యాన్ అండ్ ఎన్విరాన్‌మెంట్' అనే పురావస్తు పత్రికకు సంపాదకత్వం వహించడాన్ని కూడా నేను తవ్వకమంత పనిగానే చూస్తాను.

నా తొలి వ్యాసం వేరే పత్రికకు పంపాను. ఫొటోలు బోలెడు పెట్టాను. అంచున పెన్సిల్‌తో "ఏ పొర?" అని రాసి తిప్పి పంపారు. నా దగ్గర జవాబు లేదు. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

రాతి గొడ్డలి ఎంత పాతదో తేల్చడానికి కార్బన్ డేటింగ్ పరీక్ష చేయించమని అడుగుతారు. అది బొగ్గు, ఎముక, గింజ లాంటి ఒకప్పుడు ప్రాణమున్న వాటికే. రాకాసి గుళ్లలో లంకెబిందెలు ఉంటాయన్నది ఇంకో అపోహ. దొరికేవి ఎక్కువగా కుండలు, ఇనుప సామాను, పూసలు.

ఏదైనా బయటపడితే పని ఆపండి. కదపొద్దు, కడగొద్దు. ఫొటో తీసి తహసీల్దార్‌కు చెప్పండి.

మర్నాడు ఆ పెద్దాయన దగ్గరుండి చోటు చూపించారు. గాడి పక్క గోడలో మోచేతి లోతున వేలెడంత బూడిద చార ఇంకా ఉంది. టేపు రెండో కొస ఆయనే పట్టుకున్నారు.