కెమెరా కొనాలనుకుంటున్న మా పిల్లలకు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

పండక్కి వచ్చిన డబ్బులన్నీ కలిపి చిన్న డిజిటల్ కెమెరా ఒకటి కొనుక్కుందామనుకుంటున్నామని, 16 మెగాపిక్సెళ్ళది మంచిదా 20ది మంచిదా చెప్పమని రాశారు. ముందు ఆ అంకెను పక్కన పెట్టండి. ఆ కెమెరాతో మీరు ఏం తీయాలనుకుంటున్నారు? కాలవ గట్టు మీది లకుముకి పిట్టనా, రాత్రి తీర్థంలో దీపాలనా, స్నేహితుల మొహాలనా? దీనికి మీరిచ్చే జవాబును బట్టే అసలు కొనాలా వద్దా అన్నది తేలుతుంది.

మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. మామూలుగా ఆల్బంలో పెట్టుకునే 4 అంగుళాలు, 6 అంగుళాల ఫోటో ప్రింటు వేయించాలంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 1200 × 1800 కావాలి. అంటే రెండు మెగాపిక్సెళ్ళకి కాస్త ఎక్కువ. ఏ4 కాగితం నిండా వేయించినా తొమ్మిది సరిపోతాయి. కాబట్టి 16 మీకు చాలినంత కంటే ఎక్కువే.

ఆ చుక్కలు ఎక్కడ పడతాయన్నది అంతకంటే ముఖ్యం. కెమెరా లోపల వెలుగును పట్టే చిన్న బిళ్ళ ఉంటుంది, దాన్నే సెన్సార్ అంటారు. తక్కువ ధర కెమెరాల్లో ఎక్కువగా వాడేదాన్ని 1/2.3 అంగుళాల సెన్సార్ అని రాస్తారు. కొలిస్తే దాని వెడల్పు సుమారు 6.2 మిల్లీమీటర్లు, ఎత్తు 4.6 మిల్లీమీటర్లు. ఖరీదైన చిన్న కెమెరాల్లో ఉండే 'ఒక అంగుళం' సెన్సార్ విస్తీర్ణం దీనికి నాలుగు రెట్లు. ఎకరం చేనును 16 మడులు చేసినా 20 మడులు చేసినా దాని మీద పడే ఎండ అంతే, పండే ధాన్యం అంతే. మడులు పెంచిన కొద్దీ ఒక్కో మడి వాటా తగ్గుతుంది. అలాగే అంత చిన్న బిళ్ళను ఎన్ని చుక్కలుగా కోసినా దాని మీద పడే వెలుగు పెరగదు. వెలుగు చాలనప్పుడు కెమెరా ఐఎస్ఓ అనే అమరికను పెంచి, వచ్చిన కొద్దిపాటి సంకేతాన్నే పెద్దది చేస్తుంది. దాంతోపాటు ఇసక చల్లినట్టు రంగు రంగు చుక్కలు కూడా పెద్దవవుతాయి. వాటిని తుడిచేసే ప్రయత్నంలో కొబ్బరాకుల ఈనెలు, వరి కంకులు అలికినట్టు అయిపోతాయి. మన ఊళ్ళలో ఎటు తిరిగినా ఆకులే కనుక ఈ లోపం మనకి త్వరగా కనిపిస్తుంది.

పచ్చదనం గురించి మీకు నచ్చే మాట ఒకటి చెప్తాను. సెన్సార్‌కి సొంతంగా రంగులు తెలియవు. ప్రతి చుక్క మీదా ఒక రంగు వడపోత ఉంటుంది. నాలుగు చుక్కలకి రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కోడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ అనే ఆయన దీన్ని కనిపెట్టారు, 1976లో పేటెంట్ వచ్చింది. మన కన్ను ఆకుపచ్చ వెలుగులోనే సూక్ష్మమైన తేడాలు బాగా పట్టుకుంటుంది కనుక ఆ రంగుకి సగం వాటా ఇచ్చారు. అదే కంపెనీలో 1975లో స్టీవెన్ సాసన్ చేసిన మొదటి డిజిటల్ కెమెరాకి ఉన్నవి పదివేల చుక్కలే. ఒక్క నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్ టేపు మీదకి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఆ పెట్టె నుంచి మీ జేబులోకి పట్టే కెమెరా దాకా వచ్చిన తోవ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక మీ నాన్న ఫోను సంగతి. నిజం చెప్పాలి కదా, సాయంత్రం దాటాక తీసే ఫోటోల్లో ఈ చిన్న కెమెరా ఫోనుకి సాటి రాదు. ఫోను లెన్సు ద్వారం సాధారణంగా ఎఫ్/1.8 దగ్గర ఉంటుంది, చవక కెమెరాలది ఎఫ్/3.5 దగ్గర. ఈ అంకె ఎంత చిన్నదైతే ద్వారం అంత పెద్దది. ఈ లెక్కన అంతే మేర సెన్సార్ మీద ఫోనులో దాదాపు నాలుగు రెట్లు వెలుగు పడుతుంది. పైగా ఫోను వరసగా నాలుగైదు బొమ్మలు తీసి కలిపి ఒకటి చేస్తుంది. దీపాలు, పెళ్ళి పందిళ్ళు, ఇంట్లో పుట్టినరోజులు తీయడానికే అయితే కొనొద్దు. కెమెరాకున్న చిన్న ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లు దాటి పనిచేయదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

పిట్టలు, దూరాన ఉన్న పడవలు అయితే కథ వేరు. కెమెరా అట్టపెట్టె మీద జూమ్ 5 ఎక్స్, 12 ఎక్స్ అని ఉంటుంది, అంటే దూరాన్ని అన్ని రెట్లు దగ్గర చేస్తుందని. ఆ రెట్లు ఎక్కడ మొదలయ్యాయో కూడా చూడాలి. దాన్ని మిల్లీమీటర్లలో రాస్తారు, ఆ అంకె పెరిగిన కొద్దీ దూరంలోవి పెద్దగా కనిపిస్తాయి. 28 మిల్లీమీటర్ల దగ్గర మొదలైన 5 ఎక్స్ 140 దాకా వెళుతుంది, 24 దగ్గర మొదలైతే 120తో ఆగిపోతుంది. లకుముకి పిట్ట పొడవు 28 సెంటీమీటర్లు అనుకోండి. కాలవకి అవతల, 30 మీటర్ల దూరంలో కరెంటు తీగ మీద కూర్చుంది. ఫోను మామూలు లెన్సుతో తీస్తే, అంటే 25 మిల్లీమీటర్ల దగ్గర, బొమ్మలో 43 మీటర్ల వెడల్పు పడుతుంది. పిట్ట అందులో నూట యాభయ్యో వంతు. 140 దగ్గర ఇరవై ఏడో వంతు, 300 దగ్గర పదమూడో వంతు. అప్పుడు గానీ దాని ముక్కు ఎరుపు, రెక్క నీలం తెలియవు. ఖరీదైన కొన్ని ఫోన్లకి దూరాన్ని చూసే లెన్సు విడిగా ఉంటుంది, మన ఇంట్లోవాటికి లేదు. మిగతా ఫోన్లలో వేళ్ళతో సాగదీసేది, చిన్న కెమెరాల్లో 'డిజిటల్ జూమ్' అనేది, రెండూ మధ్య ముక్కను కత్తిరించి పెద్దది చేయడమే. లెన్సే కదిలి దగ్గర చేసే ఆప్టికల్ జూమ్ ఎంతో అదొక్కటే చూడండి.

అయితే జూమ్ చివరిదాకా లాగినప్పుడు లెన్సు ద్వారం చిన్నదవుతుంది. ఎఫ్/3 నుంచి ఎఫ్/6కి వెళితే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. చేతి వణుకూ అంతకంత పెద్దదై కనిపిస్తుంది. 300 మిల్లీమీటర్ల దగ్గర, వెలుగును లోపలికి వదిలే షట్టర్ సెకనులో మూడువందలో వంతుకి మించి తెరుచుకుని ఉండకూడదన్నది పాత లెక్క. వణుకును సరిదిద్దే ఏర్పాటు లెన్సులో ఉంటే కొంత వెసులుబాటు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి సూర్యాస్తమయ వేళ నరసాపురం వైపు జూమ్ చేస్తే అంతా మసకే. పొద్దున్నే ఎండ వచ్చాక గట్టు మీద మోచేతులు ఆనించి తీయండి. కోరంగి మడ అడవులకి వెళ్ళినా అంతే. పచ్చటి చేలో తెల్ల కొంగను తీసేటప్పుడు, బొమ్మ వెలుగును పెంచి తగ్గించే వెలుగు సవరణను మైనస్ వైపు ఒకటి రెండు మెట్లు తగ్గించుకోండి, లేకపోతే దాని ఈకలన్నీ తెల్లటి మచ్చగా కలిసిపోతాయి. ఆ సవరణ లేని కెమెరా ఎంత చవకైనా వద్దు.

ఈ చిన్న కెమెరాలకి కన్ను ఆనించి చూసి గురిపెట్టడానికి కన్నం ఉండదు, వెనక తెరే దిక్కు. కనుమ నాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభల్లో కొన్ని కౌశిక కాలవ దాటి వచ్చేటప్పుడు మిట్ట ఎండలో ఆ తెర కనిపిస్తుందా అన్నది మీకు అవసరమైన ప్రశ్న. కొట్టు బయటకి తెచ్చి ఎండలో చూడనివ్వమని అడగండి.

ఆన్‌లైన్‌లో 48 మెగాపిక్సెళ్ళు, 16 ఎక్స్ డిజిటల్ జూమ్ అని పేరు తెలియని కెమెరాలు అమ్ముతున్నారు. వాటిలో చాలావాటికి చిన్న సెన్సార్, కదలని లెన్సు, లెక్కగట్టి పెంచిన చుక్కలు. వాటి జోలికి పోవద్దు. కోడాక్ పిక్స్‌ప్రో అని ఉన్నవి మాత్రం ఆ పేరును లైసెన్సుకి తీసుకున్న జేకే ఇమేజింగ్ కంపెనీవి. వాటిలో ఎఫ్‌జెడ్55 అనేది 16 మెగాపిక్సెళ్ళు, 28 నుంచి 5 ఎక్స్. మొదటి కెమెరాగా పనికొస్తుంది, పిట్టలకి మాత్రం చాలదు. కానన్ ఇక్సస్ 285 వాడినది దొరికితే దానికి 25 నుంచి 300 దాకా జూమ్ ఉంది. నా మొగ్గు అటే.

వాడినది కొంటే మాత్రం జాగ్రత్త. మన గాలిలో తేమ ఎక్కువ, బీరువాలో మూసిపెట్టిన లెన్సుకి బూజు పడుతుంది. ఈ చిన్న కెమెరాల లెన్సు ఊడదీసి తుడిచేది కాదు. టార్చి వేసి లెన్సులోకి ఏటవాలుగా చూడండి, సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తే వదిలేయండి. తెల్ల గోడను ఒక ఫోటో తీసి మరకలు ఉన్నాయేమో చూడండి. బ్యాటరీ ఉబ్బిందా, కొత్తది ఇప్పటికీ దొరుకుతుందా కనుక్కోండి. మరీ పాత వాటికి ఎస్‌డీ కార్డు కాకుండా వేరే రకం పడుతుంది, అవి వద్దు. కొన్నాక మూత బిగుతుగా ఉండే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి. అంతర్వేది ఇసకలో మాత్రం బయటకి తీయకండి, బయటకి వచ్చే లెన్సు గొట్టంలో ఒక్క రేణువు ఇరుక్కున్నా కదలదు.

కొట్టుకి వెళ్ళేటప్పుడు ఫోటోలు దాచుకునే మెమరీ కార్డు మీరే తీసుకెళ్ళండి. వీధికి అవతలున్న కొబ్బరి చెట్టు మట్టలను ఒకసారి జూమ్ లేకుండా, ఒకసారి పూర్తి జూమ్‌తో, కొట్టు లోపల చీకటి మూలలో ఒకసారి తీయండి. అక్కడే కొనేయకుండా ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దవి చేసి, మూలల్లో ఆకులు విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. నాకూ పంపండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటోను కుదించేస్తుంది, నేను చూడాల్సిందే పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా ఆదివారం వచ్చేటప్పుడు పెన్ డ్రైవ్‌లో వేసుకు రండి.

ఇట్లు,
మీ తాతయ్య