సూపర్నోవా గుండ్రంగానే పేలుతుందా?

వేరే గెలాక్సీలో అప్పుడే పేలిన నక్షత్రం, అంటే సూపర్నోవా, ఎంత పెద్ద టెలిస్కోప్‌కైనా చుక్కే. అది బంతిలా ఉబ్బుతోందో, ఓ పక్కకు సాగుతోందో ఫొటో చూసి చెప్పలేం. 1982లో షాపిరో, సదర్లాండ్ అనే శాస్త్రవేత్తలు దీనికో ఉపాయం చెప్పారు. వేడి వాయువులోని ఎలక్ట్రాన్లకు తగిలి చెదిరిన కాంతి ఒకే దిశలో ఎక్కువగా కంపిస్తుంది, అంటే ధ్రువితమవుతుంది. పేలుడు గుండ్రంగా ఉంటే అన్ని అంచుల నుంచీ వచ్చే ఈ ప్రభావాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఏమైనా మిగిలిందంటే గుండ్రం కాదన్నమాట.

ఐదేళ్లకే మన పొరుగు గెలాక్సీ అయిన పెద్ద మెగల్లానిక్ మేఘంలో 1987ఎ అనే సూపర్నోవా పేలింది. దాని కాంతి కాస్త ధ్రువితమై ఉందని తేలింది. 1990లలో టెక్సస్‌లోని మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీలో లీఫాన్ వాంగ్, క్రెయిగ్ వీలర్ బృందం వరసగా కొలతలు తీసింది. కేంద్రం కూలి పేలే భారీ నక్షత్రాల్లో ధ్రువణం దాదాపు 1 శాతం. తెల్ల మరుగుజ్జు నక్షత్రాలు పేలే 1ఎ రకంలో అంతకంటే చాలా తక్కువ.

ఆ ఒక్క శాతం పట్టుకోవడమే పెద్ద తలనొప్పి. కాంతి కంపించే దిశను మార్చే ఒక ఫలకాన్ని 0, 22.5, 45, 67.5 డిగ్రీలకు తిప్పుతూ నాలుగుసార్లు కాంతిని పడతారు. ప్రతిసారీ ప్రిజం దాన్ని రెండు పాయలుగా చీలుస్తుంది. ఆ పాయల ప్రకాశంలో వెయ్యో వంతు తేడా తెలియాలన్నా పది లక్షల దాకా ఫోటాన్లు (కాంతి కణాలు) కావాలి. పైగా దారిలోని ధూళి కూడా కాంతిని ధ్రువితం చేస్తుంది. ఎంత పేలుడుది, ఎంత ధూళిది అన్న పేచీ ఇక్కడే మొదలవుతుంది.

ఆ పేచీకి తావివ్వని కేసు 2004డీజే అనే సూపర్నోవా. ధూళి వాటా రోజురోజుకీ మారదు కదా! డగ్లస్ లెనార్డ్ బృందం 2006లో ప్రచురించిన కొలతల్లో మొదట ధ్రువణం దాదాపు లేదు. పైన ఉన్న హైడ్రోజన్ పొర పలచబడి లోపలి భాగం బయటపడగానే ఒక్కసారిగా పెరిగింది. వంకర లోపలే ఉందనడానికి నా దృష్టిలో ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు. పేలుడు తర్వాత మిగిలే కేంద్రాలైన న్యూట్రాన్ నక్షత్రాలు సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో ఎందుకు దూసుకుపోతాయో కూడా దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది: పేలుడు ఓ పక్కకు ఎక్కువైతే మిగిలిన కేంద్రం రెండో పక్కకు తన్నుకుపోతుంది.

కానీ 2004డీజే కంటబడేసరికే వారాలు గడిచిపోయాయి. తొలి గంటల ఆకారం 2024జీజీఐ అనే సూపర్నోవాతో గానీ చిక్కలేదు. 2024 ఏప్రిల్ 10న, 2.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో అది కనిపించిన 26 గంటలకే చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్‌ను అటు తిప్పారు. షాక్ తరంగం నక్షత్రం ఉపరితలాన్ని చీల్చుకుని వస్తున్నప్పుడు ఆకారం ఆలివ్ కాయలా పొడుగ్గా ఉంది. తర్వాత చుట్టూ ఉన్న పదార్థానికి తగిలి అణిగింది కానీ, పేలుడు అక్షం మాత్రం మారలేదు.