నింటెండోలో అకౌంట్ మనిషిది కాదు, పెట్టెది

2025 జూన్‌లో స్విచ్ 2 అనే గేమ్ కన్సోల్ వచ్చినప్పుడు నింటెండో గట్టిగా ప్రచారం చేసుకున్న సంగతుల్లో గేమ్‌చాట్ ఒకటి. కంట్రోలర్ మీద సీ బటన్ నొక్కితే చాలు, ఆడుతూనే ఫ్రెండ్స్‌తో మాట్లాడుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్ల కన్సోల్ ఎక్స్‌బాక్స్ ఆడి పెరిగినవాళ్లకి ఇది నవ్వొచ్చే విషయమే, ఎందుకంటే 2002 నవంబర్‌లో దాని ఆన్‌లైన్ సర్వీసు ఎక్స్‌బాక్స్ లైవ్ మొదలైనప్పుడే స్టార్టర్ కిట్‌లో హెడ్‌సెట్ పెట్టి ఇచ్చారు. మరి మారియోని చేసిన కంపెనీకి ఈ పనికి 22 ఏళ్లు ఎందుకు పట్టినట్టు?

"వాళ్లకి ఇంటర్నెట్ రాదు" అని తేల్చేయడం సులువే గానీ అది నిజం కాదు. 1995లోనే జపాన్‌లో సాటెలావ్యూ పేరుతో ఉపగ్రహం నుంచి తమ కన్సోల్ సూపర్ ఫామికామ్‌కి గేమ్‌లు పంపించారు. 1999 చివర్లో నింటెండో 64 అనే కన్సోల్‌కి మోడెమ్ తగిలించి రాండ్‌నెట్ అనే సర్వీసు పెట్టారు, చేరినవాళ్లు మరీ తక్కువ కావడంతో 2001 ఫిబ్రవరిలో ఎత్తేశారు. ఆ వెంటనే వచ్చిన గేమ్‌క్యూబ్‌కి మోడెమ్ విడిగా అమ్మారు, కానీ నెట్‌లో ఆడే గేమ్ ఒక్కటి కూడా సొంతంగా చేయలేదు. సెగా అనే కంపెనీ వాళ్ల ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్ గేమ్ లేకపోతే ఆ మోడెమ్ దాదాపు దండగే. అంటే తెలియక కాదు, ఒకసారి చేతులు కాల్చుకుని వెనక్కి తగ్గారు.

ఇంకోవైపు మైక్రోసాఫ్ట్ మొదటి రోజే ఒక నిర్ణయం తీసుకుంది. మనిషికో పేరు, ఆ పేరు ఏ గేమ్‌లోకి వెళ్లినా, ఏ ఎక్స్‌బాక్స్‌లోకి వెళ్లినా అతనితోనే ఉంటుంది. నింటెండో సరిగ్గా దీనికి ఎదురు దారి పట్టింది, ఆ తర్వాత వచ్చిన కష్టాల్లో ఎక్కువ భాగం అక్కడి నుంచే మొదలయ్యాయని నేననుకుంటాను.

2005 నవంబర్‌లో, చేత్తో పట్టుకుని ఆడే డీఎస్ అనే మెషీన్‌లో, మారియో కార్ట్ డీఎస్ గేమ్‌తో పాటు నింటెండో వై-ఫై కనెక్షన్ అనే ఆన్‌లైన్ సర్వీసు వచ్చింది. ఫ్రీ. కానీ స్నేహితుడితో ఆడాలంటే 12 అంకెల ఫ్రెండ్ కోడ్ కావాలి, అది మనిషికి ఇచ్చేది కాదు, ఆ డీఎస్‌కీ ఆ గేమ్‌కీ కలిపి ఇచ్చేది. ఇంకో గేమ్ కొంటే ఇంకో కోడ్, డీఎస్ మార్చినా కొత్త కోడ్. పైగా మీరు నాది కొట్టుకుంటే సరిపోదు, నేనూ మీది కొట్టుకోవాలి, అప్పుడుగానీ ఒకరికొకరు కనబడరు. టీవీకి తగిలించి ఆడే వీ (Wii) వచ్చాక మెషీన్‌కి 16 అంకెల కోడ్ ఒకటి, గేమ్‌లకి మళ్లీ వేరే. ఇదంతా పిల్లల భద్రత కోసమన్నారు. అది వట్టి సాకు కూడా కాదు. డీఎస్ తర్వాత వచ్చిన 3డీఎస్‌లో చేత్తో ఉత్తరాలు రాసి పంపుకునే స్వాప్‌నోట్ ఉండేది, ముచ్చటైన యాప్. పిల్లలు తమ ఫ్రెండ్ కోడ్‌లు నెట్‌లో బాహాటంగా పెట్టేసి ముక్కూమొహం తెలియనివాళ్లతో అసభ్యమైన బొమ్మలు మార్చుకుంటున్నారని తెలిసి, 2013 అక్టోబర్ 31న దాన్నుంచి నెట్ ద్వారా మెసేజ్‌లు పంపే సదుపాయమే ఆపేశారు. ఇన్ని అంకెల అడ్డం పెట్టినా ఆపలేకపోయారన్నమాట, అయినా అంకెలు మాత్రం పోలేదు.

వీలో ఇంకో తలనొప్పి, మెమరీ. లోపల ఉన్నది 512 ఎంబీ. డౌన్‌లోడ్ గేమ్‌లు కొన్ని కొనేసరికి నిండిపోయేది, కొత్తది కొనాలంటే పాతది తీసేయాలి. 2009 మార్చిలో వచ్చిన 4.0 అప్‌డేట్‌తో గానీ ఎస్‌డీ కార్డులోంచి గేమ్ మొదలుపెట్టే వీలు రాలేదు. కొన్న గేమ్‌లు కూడా మీవి కావు, ఆ వీ మెషీన్‌వి. వాటిని తర్వాతి కన్సోల్ అయిన వీ యూకి మార్చుకోవాలంటే రెండు కన్సోల్‌లూ పక్కపక్కన పెట్టి ఎస్‌డీ కార్డు అటూ ఇటూ తిప్పాలి, అవి కూడా వీ మోడ్ అనే విడి గదిలోనే నడుస్తాయి, గేమ్‌ప్యాడ్ అనే, తెర ఉన్న కొత్త కంట్రోలర్ మీద ఆడాలంటే ఒక్కో పాత గేమ్‌కి మళ్లీ డాలరో, డాలరున్నరో కట్టాలి. చిన్న మొత్తమే, కానీ ఒళ్లు మండేది దానికే.

2012 నవంబర్‌లో వీ యూ వచ్చింది. కొత్త మెషీన్ ఆన్ చేయగానే గంటలు పట్టే అప్‌డేట్, మధ్యలో కరెంటు పోతే మెషీన్ మూలన పడే ప్రమాదం. గేమ్‌లోంచి మెనూకి రావాలన్నా, సెట్టింగ్స్ తెరవాలన్నా అంతసేపు తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చోవాలి. కంపెనీ అధినేత ఇవాటా సతోరు ఆ అప్‌డేట్ గురించి క్షమాపణ చెప్పుకున్నారు, 2013 వసంతంలో ఇంకో పెద్ద అప్‌డేట్‌తో కొంత వేగం పెంచారు. ఫ్రెండ్ కోడ్ తీసేసి మొదటిసారి పేరున్న ఐడీ ఇచ్చారు, సంతోషం, కానీ ఆ ఐడీని కూడా మొదట్లో ఒక్క మెషీన్‌కే కట్టేశారు.

పెట్టెకి కాకుండా మనిషికి చెందిన నింటెండో అకౌంట్ రావడానికి 2016 దాకా పట్టింది. అదైనా ఫోన్ గేమ్‌ల కోసం అంతకుముందు ఏడాది డీఎన్‌ఏ అనే కంపెనీతో చేతులు కలిపాక.

సరే, అకౌంట్ వచ్చిందిగా, 2017 మార్చిలో వచ్చిన స్విచ్‌లో అన్నీ సర్దుకున్నాయా అంటే, లేదు. ఫ్రెండ్ కోడ్ మళ్లీ తిరిగొచ్చింది! సేవ్‌లు, అంటే ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచిన ఫైళ్లు, మెషీన్‌లోనే, ఇంకో స్విచ్‌లోకి మార్చుకునే దారి ఆ ఏడాది అక్టోబర్ దాకా లేదు. వంద గంటలు ఆడిన జెల్డా, స్విచ్ పాడైతే దాంతోపాటే పోవాలి. ఇక వాయిస్ చాట్ సంగతి చెప్పుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. 2017 జూలైలో స్ప్లాటూన్ 2తో పాటు ఫోన్‌లో ఒక యాప్ ఇచ్చారు. ఆట స్విచ్‌లో, మాటలు ఫోన్‌లో. మొదట్లో ఫోన్ స్క్రీన్ ఆగిపోయినా, ఇంకో యాప్ తెరిచినా మాట తెగిపోయేది. రెండు చోట్ల శబ్దాన్నీ ఒకే చెవిలో వేసుకోవడానికి హోరి కంపెనీ వైర్లు కలిపే పరికరం ఒకటి అమ్మింది.

2018 సెప్టెంబర్‌లో స్విచ్‌లో ఆన్‌లైన్ ఆడే సర్వీసుకి ఏడాదికి 20 డాలర్లు పెట్టారు. సోనీ, మైక్రోసాఫ్ట్ 60 తీసుకుంటున్నాయి కదా, ఇది చవకేగా అన్నవాళ్లున్నారు, నిజమే. కానీ సేవ్‌లని నింటెండో సర్వర్లో దాచే క్లౌడ్ సేవ్‌లో స్ప్లాటూన్ 2, పోకెమాన్ లాంటివి లేవు, మోసం జరుగుతుందని. అంటే జనం ఎక్కువగా ఆడేవాటికే ఆ రక్షణ లేదు. ఇంకా ముఖ్యమైనది, చాలా గేమ్‌లు సర్వర్ మీద కాకుండా నేరుగా ఆటగాళ్ల మెషీన్ల మధ్యే నడిచేవి. ఒకరి వై-ఫై బాగోకపోతే అందరికీ ల్యాగే. స్విచ్‌ని టీవీకి కలిపే డాక్‌కి, వైర్‌తో ఇంటర్నెట్ తగిలించే లాన్ పోర్ట్ కూడా 2021లో ఓఎల్ఈడీ మోడల్ దాకా ఇవ్వలేదు. స్మాష్ అల్టిమేట్ అనే ఫైటింగ్ గేమ్ ఆడేవాళ్లని అడగండి, చెబుతారు.

ఇది చేతకాని పనేమీ కాదు అనడానికి రుజువు 2020లో దొరికింది. అదే వరసలో 2001 నాటి స్మాష్ మెలీకి అభిమానులే స్లిప్పీ అనే ప్రోగ్రామ్‌తో, నెట్ ఆలస్యం ఆటలో తెలియకుండా చేసే రోల్‌బ్యాక్ నెట్‌కోడ్ తగిలించారు, పాత గేమ్ కొత్తదాని కంటే హాయిగా నడిచింది. కరోనా వల్ల దాని మీద ఆన్‌లైన్‌లో పెట్టాలనుకున్న ది బిగ్ హౌస్ టోర్నమెంట్‌ని అదే ఏడాది నవంబర్‌లో నింటెండో లీగల్ నోటీసుతో ఆపించింది. చట్టం వాళ్ల వైపే ఉండొచ్చు, కానీ డబ్బు తీసుకునే సర్వీసు బాగోనప్పుడు ఫ్రీగా బాగుచేసినవాళ్ల మీద పడటం ఏం బావుంటుంది?

పెట్టెకి కట్టేసినవన్నీ పెట్టెతోనే మూతపడ్డాయి. వీ, డీఎస్ ఆన్‌లైన్ ఆట 2014 మేలో ఆగింది, వెనక ఉన్న గేమ్‌స్పై సర్వీసే మూతపడుతుండటంతో. వీ షాప్ 2019 జనవరిలో, 3డీఎస్, వీ యూ షాపుల్లో కొనడం 2023 మార్చి 27న, వాటి ఆన్‌లైన్ ఆట 2024 ఏప్రిల్‌లో. పాత గేమ్‌లు ఇప్పుడు సొంతంగా కొనుక్కునేవి కావు, చందా కడుతున్నంత కాలం కనిపించేవి. 2021 అక్టోబర్‌లో నింటెండో 64 గేమ్‌ల కోసం 50 డాలర్ల చందా తెచ్చారు, అందులో జెల్డా గేమ్‌లోని నీటి గుడిలో ఉండాల్సిన పొగమంచే మాయమైంది, తర్వాత సరిచేశారు.

మనవాళ్లకి వీటన్నిటి మీద ఇంకో వరస ఉంది. అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకున్న స్విచ్‌లో మన దేశం పేరు మీద ఈషాప్, అంటే నింటెండో ఆన్‌లైన్ షాపు, లేక, అకౌంట్‌ని అమెరికాకి మార్చి గిఫ్ట్ కార్డులు వెతుక్కోవడం చాలామందికి అలవాటైన పనే.

స్విచ్ 2లో గేమ్‌చాట్ బాగానే ఉంది, 2026 మార్చి 31 దాకా ఫ్రీ అని, తర్వాత చందా కావాలని ముందే చెప్పారు, ఫోన్ నంబర్ ఇవ్వకుండా మొదలవదు. షాపు కూడా వేగంగా తెరుచుకుంటోంది. కానీ స్విచ్ 2కి కాస్త ముందే, 2025 ఏప్రిల్‌లో, వర్చువల్ గేమ్ కార్డులని తెచ్చారు. మీరు డౌన్‌లోడ్ చేసి కొన్న గేమ్‌ని మామూలుగా ఒకసారికి ఒక మెషీన్‌లోనే పెట్టగలరు, ఇంట్లోవాళ్లకి రెండు వారాలకి అప్పివ్వొచ్చు, అప్పిచ్చేటప్పుడు మాత్రం రెండు మెషీన్లూ ఒకే చోట ఉండాలి.