పుట్టగొడుగులు కోస్తే అంతరించిపోతాయా? అపోహలు - వాస్తవాలు

అడవుల్లో పుట్టగొడుగులను గుర్తించి లెక్కపెట్టడం నా పని. ఎక్కడికి వెళ్ళినా నాకు ఎదురయ్యే మాటలు ఇవి.

అపోహ: కోస్తే ఆ జాతి అంతరించిపోతుంది.

మనకు కనిపించే గొడుగు కాయలాంటిది మాత్రమే. అసలు జీవి మట్టిలోనో, పుచ్చిన కట్టెలోనో సన్నటి దారాల్లా అల్లుకుని ఉంటుంది. కాయ కోస్తే చెట్టు చావదు కదా! స్విట్జర్లాండ్‌లో 1975 నుంచి 2003 వరకు అడవిలో కొన్నిచోట్ల ఏటా కోస్తూ, కొన్నిచోట్ల కోయకుండా వదిలేసి పోల్చి చూశారు. కోసినచోట జాతులూ తగ్గలేదు, దిగుబడీ తగ్గలేదు. మనుషులు తొక్కుతూ తిరిగినచోట మాత్రం గొడుగులు తక్కువగా లేచాయి. అందుకే నేను సర్వేలో వీలైనంతవరకు ఒకే దారిన నడుస్తాను, రాలిన ఆకులను కెలకను.

అపోహ: చెట్లు నరకకపోతే చాలు.

చాలదు. వాహనాల పొగ నుంచి, పొలాల ఎరువుల నుంచి, పశువుల పెంట నుంచి గాలిలో చేరిన నత్రజని వానతో అడవి నేలకు దిగుతుంది. చాలా శిలీంద్రాలు (పుట్టగొడుగులు ఈ కోవలోవే) చెట్ల వేళ్ళతో పొత్తులో బతుకుతాయి. చెట్టుకు నత్రజని, భాస్వరం అందించి, బదులుగా చక్కెర తీసుకుంటాయి. నత్రజని ఊరికే దొరికితే చెట్టు ఆ చక్కెర ఇవ్వడం తగ్గిస్తుంది. నెదర్లాండ్స్‌లో గత శతాబ్దం రెండో సగంలో చాంటరెల్ పుట్టగొడుగులు బాగా తగ్గిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. చెట్లు నిలబడే ఉన్నాయి, కింద నేల మారిపోయింది. పైగా పడిపోయిన మానులను 'శుభ్రం' పేరుతో ఎత్తుకుపోతాం. వాటి మీదే బతికే జాతులు ఎక్కడికి పోవాలి? నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

అపోహ: కొత్త జాతి వస్తే వైవిధ్యం పెరిగినట్టే.

తూర్పు ఆసియాకు చెందిన పసుపు ఆయిస్టర్ పుట్టగొడుగు పెంపకం నుంచి తప్పించుకుని అమెరికా అడవుల్లో పాకుతోంది. అది చేరిన ఎండుమానుల్లో మిగతా శిలీంద్ర జాతులు తగ్గాయి. యూరప్‌కు చెందిన ప్రాణాంతకమైన డెత్ క్యాప్ పుట్టగొడుగు కూడా మనుషులు తరలించిన మొక్కల వేళ్ళతోపాటే ఉత్తర అమెరికాకు, ఆస్ట్రేలియాకు చేరింది.

అపోహ: పురుగు తిన్నదైతే, వెండిని నల్లబరచకపోతే, బాగా ఉడికిస్తే ప్రమాదం లేదు.

ఒక్కటీ నిజం కాదు. డెత్ క్యాప్ విషం ఉడికించినా పోదు. తిన్న 6 గంటలు దాటాకగానీ వాంతులు మొదలుకావు. తర్వాత తగ్గినట్టే అనిపిస్తుంది, ఆలోగా కాలేయం పాడవుతూ ఉంటుంది. అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. మిగిలిన ముక్క ఉంటే వెంట తీసుకెళ్ళండి.