రాళ్లు, ముళ్లు తప్ప ఏముంది? సీమ గుట్టల్లో నడక: అపోహలు - వాస్తవాలు

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. గండికోట, ఎర్రమల గుట్టలు, బెలుం, ఓర్వకల్లు, రోళ్లపాడు చుట్టుపక్కల జనాన్ని నడిపించి చూపించడమే పదేళ్లకు పైగా నా పని. వచ్చేవాళ్లలో చాలామంది లోయ అంచున నాలుగు ఫోటోలు తీసుకుని, "ఇంక చూడ్డానికేముంది అన్నా?" అని కారెక్కేస్తారు. వాళ్ల తప్పేమీ లేదు. ఈ నేల గురించి చిన్నప్పటి నుంచి వాళ్లు విన్నది అదే. నేను రోజూ వినే మాటలు కొన్ని, వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: ఎండిపోయిన గుట్టలు. రాళ్లు, ముళ్ల కంపలు తప్ప ఏమీ ఉండవు.

ముందు ఆ రాళ్లనే చూడండి. గండికోటలో జనం అందరూ లోయలోకే చూస్తారు. నేను మాత్రం ముందు కాళ్ల కింద చూడమంటాను. పొద్దున ఏటవాలు ఎండ పడినప్పుడు కొన్ని పరుపు బండల మీద సన్నటి గీతలు వరసగా కనిపిస్తాయి. చెరువు ఒడ్డున తడి ఇసుక మీద అలలు వదిలే గుర్తుల్లాంటివే. నిజంగా అవి అలలే. ఇక్కడ ఒకప్పుడు లోతు లేని సముద్రం ఉండేది. దాని ఇసుకే గట్టిపడి ఈ ఎర్ర రాయి అయింది. దీని వయసు 150 కోట్ల సంవత్సరాలకు పైమాటే. అప్పటికి భూమ్మీద చెట్టు లేదు, గడ్డి లేదు, చేప కూడా లేదు. పిల్లలను ఆ గీతల మీద చేత్తో తడమమంటాను. ఒకసారి తడిమినవాళ్లు కారెక్కే తొందర మర్చిపోతారు.

అపోహ: భూకంపం వచ్చి కొండ రెండుగా చీలితే గండి పడింది.

చీల్చింది పెన్నా నది. ఒక్క రోజులో కాదు, లక్షల ఏళ్ల పాటు కోసుకుంటూ పోయింది. లోయ గోడలు ఎవరో ఇటుకలు పేర్చినట్టు ఉంటాయి కాబట్టి భూకంపం అనో, రాక్షసులు పేర్చారనో కథలు పుట్టాయి. ఈ రాయి పొరలు పొరలుగా ఏర్పడింది. పొరలకు అడ్డంగా నిలువు పగుళ్లు ఉన్నాయి. ఆ పగుళ్ల వెంట దిమ్మెలు విడిపోయి కిందికి జారుతుంటాయి. అంచున ఉన్న బండ ఎంత గట్టిగా కనిపించినా దాని మీదికి ఎక్కి సెల్ఫీ వద్దని నేను గొంతు చించుకునేది అందుకే. అక్కడ గాలి ఒక్కసారిగా తోస్తుంది. అంచుకు రెండు బారల దూరం నుంచి కూడా లోయ అంతే అందంగా కనిపిస్తుంది.

అపోహ: బెలుం గుహ లోపల చల్లగా ఉంటుంది. ఎండాకాలం హాయిగా తిరగొచ్చు.

లోపల ఉక్క. పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్లాలి. ఇంకో మాట కూడా వింటుంటాను, పాతకాలంలో మనుషులు తవ్వారని. అది నీళ్లు చేసిన పని. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా ఆమ్లమవుతుంది. ఆ నీరు సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. మన ఇళ్లలో పరిచే నాపరాయి ఉంది చూశారా, అదే ఆ రాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశాడు. 1982 నుంచి 1984 వరకు జర్మన్ గుహాన్వేషకులు లోపల కొలతలు తీశారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. మనం తిరగగలిగేది దాదాపు కిలోమీటరున్నర. అందులో పాతాళగంగ దాకా తప్పకుండా దిగండి. అంత లోతులో నీళ్లు పారుతున్న చప్పుడు వింటే, ఆ గుహను తొలిచిందెవరో నేను చెప్పక్కర్లేదు.

అపోహ: చలికాలమే కదా, ఒక లీటరు బాటిల్ చాలు.

చాలదు. పూట నడకకు మనిషికి మూడు లీటర్లు. నవంబరు నుంచి జనవరి దాకా ఇక్కడ నడకకు మంచి కాలం. అప్పుడు కూడా పదకొండు దాటితే బండలు కాలుతాయి. మార్చి తర్వాత నేను పొద్దున తొమ్మిదికే నడక ముగించేస్తాను.

నీళ్ల విషయంలో నేను ఒకసారి తప్పు చేశాను. గుట్ట మీద ఒక దొనలో ముందటేడు ఫిబ్రవరిలో నీళ్లు చూశాను. ఈ ఏడూ ఉంటాయనే ధీమాతో ఆరుగురిని తీసుకెళ్లాను. దొన అడుగున పగిలిన బురద తప్ప ఏమీ లేదు. మాతో వచ్చిన ఒక పెద్దాయనకు కళ్లు తిరిగాయి. అక్కడికి దగ్గర్లో జీవాలు మేపుతున్న ఒక కురుబ తాత తన క్యానులో సగం నీళ్లు మాకు పోశాడు. ఆయనకు సాయంత్రం దాకా మిగిలింది ఆ సగమే. అప్పటి నుంచి ముందు రోజు రాత్రే గొర్రెల కాపరులకు ఫోన్ చేసి, ఏ వంకలో తడి ఉంది, ఏ చెలమలో ఊట ఉంది అని కనుక్కోకుండా బయల్దేరను.

ఫోన్‌లో మ్యాప్ చూసుకుని వెళ్లొచ్చు అనేవాళ్లకూ ఇదే చెప్తాను. గుట్టల మీద మ్యాపులో కనిపించే గీతల్లో చాలావరకు జీవాలు తొక్కిన బాటలు. అవి మేతకు పోతాయి, ఊరికి పోవు. సిగ్నల్ కూడా మధ్యలోనే పోతుంది.

అపోహ: గుట్టల్లో భయపడాల్సింది చిరుతకే.

చిరుతలు ఉన్నాయి. మనిషి అలికిడికి అవే తప్పుకుంటాయి. నేను ఎక్కువ జాగ్రత్తగా ఉండేది ఎలుగుబంటి దగ్గర. దానికి కంటిచూపు తక్కువ, హఠాత్తుగా ఎదురైతే బెదిరి మీద పడుతుంది. సీతాఫలాలు పండే రోజుల్లో తెల్లవారుజామున, పొద్దుగూకాక గుట్టల్లోకి పోకూడదు. పగలు కూడా మలుపుల దగ్గర గట్టిగా మాట్లాడుకుంటూ నడవాలి. నిజం చెప్పాలంటే నడకల్లో మాకు రోజూ ఎదురయ్యేవి గొర్రెల మందకు కాపలా ఉండే కుక్కలే. పరుగెత్తకండి, రాయి ఎత్తకండి. ఉన్నచోటే నిలబడి "అన్నా, కుక్కల్ని పిలుచుకో" అని కాపరిని కేకేయండి.

పాము కరిస్తే పైన తాడు బిగించడం, కోసి పీల్చడం, పసరు మందు, మంత్రం ఏవీ వద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి చేరాలి. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకండి, చిన్న పింజర అక్కడే ఉంటుంది.

అపోహ: ఇదంతా బంజరు. చెట్లు నాటితే బాగుపడుతుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇదే. మంచి మనసుతో అంటారు కాబట్టి ఇంకా బాధ. గడ్డి నేల అంటే పాడైపోయిన అడవి అనుకుంటారు. కాదు. వాన తక్కువగా, మట్టి పలచగా ఉన్న చోట గడ్డి, పొదలే ఆ నేలకు తగిన పంట. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పక్షి కోసమే 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. మగపక్షి పదిహేను కిలోల దాకా తూగుతుంది. గుడ్డు నేల మీదే పెడుతుంది, సాధారణంగా ఒక్కటే. నాలుగు వైపులా చూపు ఆనే మైదానం దానికి కావాలి. చెట్లు పెంచితే అది ఉండలేదు. చుట్టూ గడ్డి నేలలు తగ్గిపోయాయి, పక్షి కూడా పోయింది. ఇప్పుడు రోళ్లపాడు వెళితే కృష్ణజింకల మందలు గంతులేస్తూ కనిపిస్తాయి, బట్టమేక కనిపించదు. మా ఊళ్లో ముసలివాళ్లు దాన్ని చూసినట్టు చెప్తుంటే, నా కొడుక్కి ఆ మాట తప్ప చూపించడానికి ఏమీ లేదు.

అపోహ: కలివికోడి ఎప్పుడో అంతరించిపోయింది.

అలాగే అనుకున్నారు. 1848లో జెర్డాన్ అనే బ్రిటిష్ వైద్యుడు కనిపెట్టిన ఈ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. అది పగలు పొదల్లో దాక్కుని రాత్రి తిరిగే పక్షి. దట్టమైన అడవిలో ఉండదు, బోడి నేలలోనూ ఉండదు. కలివి, రేగు లాంటి పొదల మధ్య అక్కడక్కడా ఖాళీ నేల ఉండాలి. మనం 'కంప' అని కొట్టేసే నేల సరిగ్గా అలాంటిదే.

అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్లడం నేరం. పైగా లంకమల ఎర్రచందనం నేల. చీకట్లో సంచులతో కనిపించిన ఎవరినైనా అటవీ సిబ్బంది అనుమానించాల్సిందే. అదంతా పక్కన పెట్టినా, ఇంత తక్కువగా మిగిలిన పక్షి గూళ్ల మధ్య మనం తొక్కుకుంటూ తిరగకూడదు. ఎంత డబ్బిస్తామన్నా సరే, రాత్రి టార్చి పట్టుకుని కలివికోడిని వెతకడానికి నేను ఎవరినీ తీసుకెళ్లను.